పేపర్‌ను ఇంటర్నెట్ చంపేసిందా? వార్తలు దిద్దే డెస్క్ మీద పనిచేసేవాళ్లకు కనిపించేది ఇదీ

అపోహ: చదివేవాళ్లు తగ్గారు, అందుకే పత్రికలు నష్టపోతున్నాయి.

వాస్తవం: అసలు గండి పడింది ప్రకటనల దగ్గర. ఇల్లు అద్దెకు, ఉద్యోగాలు, పాత కారు అమ్మకం లాంటి రెండు మూడు లైన్ల క్లాసిఫైడ్సే ఎన్నో పత్రికలను పోషించాయి. 1995లో అమెరికాలో మొదలైన క్రెయిగ్స్‌లిస్ట్ లాంటి ఆన్‌లైన్ ప్రకటనల సైట్లు వాటిని చాలావరకు ఉచితంగా వేసేశాయి. తర్వాత ఆన్‌లైన్ ప్రకటనల సొమ్ములో పెద్ద వాటా గూగుల్, ఫేస్‌బుక్‌లకు వెళ్లింది. రోజంతా కోర్టులో కూర్చునే రిపోర్టర్ జీతం ఆ చిన్న ప్రకటనల్లోంచే వచ్చేదని పాఠకుడికి తెలిసే అవకాశం లేదు. ఇప్పుడు వెబ్‌సైట్లో చదివేవాళ్లు లక్షల్లో ఉన్నా ఆ జీతం ఎవరివ్వాలన్నదే సమస్య.

అపోహ: కాగితం, ఇంకు ఖర్చు లేదు కదా, ఆన్‌లైన్ వార్తకు డబ్బెందుకు?

వాస్తవం: ముద్రణ, పంపిణీ ఖర్చు మిగిలే మాట నిజమే. వార్త సేకరించే ఖర్చు మాత్రం పైసా తగ్గదు. న్యూయార్క్ టైమ్స్ 2011లో వెబ్‌సైట్ చదవడానికి చందా పెట్టినప్పుడు జనం కట్టరనే చాలామంది అన్నారు. 2020 రెండో త్రైమాసికంలో ఆ పత్రిక డిజిటల్ ఆదాయం మొదటిసారి ప్రింట్ ఆదాయాన్ని దాటింది. అలాగని చిన్న పత్రికలన్నీ అదే దారిలో బతికేస్తాయని నేననను. వాటికి అంత పేరూ లేదు, అంతమంది పాఠకులూ లేరు.

అపోహ: ప్రింట్ ఆపేస్తే పాఠకులంతా వెబ్‌సైట్‌కు వచ్చేస్తారు.

వాస్తవం: రారు. బ్రిటన్‌లో ది ఇండిపెండెంట్ పత్రిక 2016 మార్చిలో ముద్రణ ఆపింది. ఖర్చు తగ్గి లాభాల్లోకి వచ్చింది కూడా. కానీ ఆ తర్వాతి ఏడాదిలో బ్రిటన్ పాఠకులు దాని మీద గడిపే మొత్తం సమయం 81 శాతం పడిపోయిందని థర్మన్, ఫ్లెచర్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. పేపర్ చేతిలో ఉంటే తీరిగ్గా పేజీలు తిప్పుతారు, ఫోన్లో ఒక లింకు చూసి వెళ్లిపోతారు.

అపోహ: రిపోర్టర్ల పని ఇక సాఫ్ట్‌వేరే చేస్తుంది.

వాస్తవం: అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2014 నుంచే కంపెనీల త్రైమాసిక ఫలితాల వార్తలను సాఫ్ట్‌వేర్‌తో రాయిస్తోంది. లెక్కలు ఉన్నచోట అది బాగా పనిచేస్తుంది. లెక్కలు దాచినచోట అడగడానికి మనిషే వెళ్లాలి.

అపోహ: ఆన్‌లైన్లో తప్పు వెళ్లినా ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, ముందు వార్త వదిలేద్దాం.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇదే. ప్రమాదం జరుగుతుంది. గాయపడ్డవాళ్లను ఇంకా ఆస్పత్రికి తీసుకెళ్తుంటారు. పోటీ సైట్లో ‘ఆరుగురు మృతి’ అని కనబడగానే ఇక్కడా అదే అంకెతో నోటిఫికేషన్ కొట్టేస్తారు. పది నిమిషాలకు చనిపోయింది నలుగురేనని తేలుతుంది. సైట్లో హెడ్డింగ్ మార్చొచ్చు, జనం ఫోన్లలో చదివేసిన నోటిఫికేషన్‌ను, స్క్రీన్‌షాట్‌ను ఎలా వెనక్కి తెస్తాం? మిగతా ఇద్దరి ఇళ్లలో ఆ పది నిమిషాలు ఎలా గడిచి ఉంటాయి?

ప్రింట్‌లో ఒక వార్తను రిపోర్టర్ తర్వాత సబ్ ఎడిటర్, పేజీ చూసే ఇన్‌చార్జి కూడా చదివేవారు. వెబ్ డెస్క్‌లో చాలాసార్లు ఒక్కరే రాసి, హెడ్డింగ్ పెట్టి, ఫొటో ఎక్కించి, టెన్షన్‌తో వదిలేస్తున్నారు. కనీసం మృతుల సంఖ్య, పేర్లు, ఆరోపణలు ఉన్న వార్తలనైనా రెండో మనిషి చూడకుండా వదలకూడదు. సవరిస్తే, ఏం మార్చామో, ఎన్ని గంటలకు మార్చామో ఆ వార్త కిందే రాయాలి.