ప్రొటీన్ లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయి: అపోహలు - వాస్తవాలు

కొవ్వు తగ్గాలి, బలం పెరగాలి, ఉన్న కండ పోకూడదు. ఇలా అనుకుని ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లను నేను ముందుగా అడిగేది రోజంతా ఏం తింటున్నారని. "ప్రొటీన్ బాగానే తింటున్నానండీ" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. కాగితం మీద రాయిస్తే మాత్రం లెక్క చాలాసార్లు సగానికి పడిపోతుంది. తిండి తక్కువై కాదు, లెక్క తప్పై.

అపోహ: వంద గ్రాముల చికెన్ తింటే వంద గ్రాముల ప్రొటీన్ వచ్చినట్టే

నవ్వకండి, చాన్నాళ్లుగా జిమ్‌కి వెళ్తున్నవాళ్లు కూడా ఈ మాట అంటారు. మాంసంలో ఎక్కువ భాగం నీరే. స్కిన్ తీసేసిన చికెన్ బ్రెస్ట్‌ని వండాక 100 గ్రాములు తూస్తే అందులో ప్రొటీన్ దాదాపు 31 గ్రాములు, పచ్చిగా తూస్తే 22, 23. వండితే ప్రొటీన్ పెరిగిపోదు, నీరు పోయి ముక్క బరువు తగ్గుతుంది, అంతే. పప్పుల సంగతి దీనికి తలకిందులు. ఎండు పప్పు 100 గ్రాముల్లో 24 గ్రాముల దాకా ఉంటుంది. అదే ఉడికి నీరు పీల్చుకున్నాక 100 గ్రాముల్లో 9 మాత్రమే. ప్యాకెట్ మీది అంకెతో గిన్నెలోది లెక్కేస్తే అందులో సగానికి పైగా ఉత్తుత్తి ప్రొటీనే. పచ్చిగా తూస్తే పచ్చి లెక్క, వండాక తూస్తే వండిన లెక్క.

అపోహ: వేరుశనగలు, బాదంపప్పులో ప్రొటీన్ దండిగా ఉంది, అవి తింటే చాలు

నా చేత ఎక్కువ మాట్లాడించే అపోహ ఇదే. వేరుశనగల్లో 100 గ్రాములకు 25 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజం. కానీ దాంతోపాటు 560 కేలరీలకు పైగా వస్తాయి. కొవ్వు కరగాలంటే ఖర్చయ్యేదాని కంటే తక్కువ కేలరీలు తినాలి కదా. తినడానికి ఉన్న కేలరీలే తగ్గిపోయినప్పుడు, ఒక పదార్థంలో ప్రొటీన్ ఉందా అని అడిగితే సరిపోదు, ఎన్ని కేలరీలు పెడితే ఆ ప్రొటీన్ వస్తోందని అడగాలి.

25 గ్రాముల ప్రొటీన్ కావాలనుకుందాం. వండిన చికెన్ బ్రెస్ట్‌తో అయితే 130 కేలరీల్లో పని అయిపోతుంది. నాలుగు గుడ్లతో అయితే 290 దాకా, ఉడికిన పప్పుతో 320 దాకా పడుతుంది. వేరుశనగలతో 560 పైనే, బాదంతో 700 దగ్గర. నట్స్ చెడ్డవని కాదు, మంచి కొవ్వులు, పీచు ఉన్న తిండి అది. గుప్పెడు తినండి, కానీ వాటిని కొవ్వు పద్దులో రాసుకోండి.

షాపులో నిలబడి తేల్చుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. లేబుల్ మీద ప్రొటీన్ గ్రాములను పదితో గుణించండి. వచ్చిన అంకె కేలరీలకు దగ్గరగా ఉన్నా, వాటిని మించినా అది ప్రొటీన్ తిండి. బాగా కింద ఉంటే అది వేరే ఏదో. ప్రొటీన్ బార్, ప్రొటీన్ బిస్కెట్ అని పెద్ద అక్షరాలతో అమ్మే చాలా సరుకు ఈ పరీక్షలో నిలబడదు.

అపోహ: కిలో బరువుకి ఒక గ్రాము లోపు తింటే సరిపోతుంది

కిలోకి 0.8 గ్రాములు అన్నది మామూలు మనిషికి లోటు రాకుండా పెట్టిన కనీస లెక్క. బరువులెత్తుతూ కొవ్వు తగ్గించుకునేవాళ్లకు 1.6 నుంచి 2.2 గ్రాములు కావాలి. అయితే ఒంట్లో కొవ్వు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు ఇప్పటి బరువుతో గుణిస్తే అనవసరంగా పెద్ద అంకె వస్తుంది. 110 కిలోలున్న మనిషి 80కి రావాలనుకుంటే ఆ 80తోనే లెక్క వేసుకోవచ్చు. అంటే రోజుకు 130 నుంచి 175 గ్రాములు. 130 దగ్గర మొదలుపెట్టినా నాకు సమ్మతమే.

అపోహ: కొవ్వు తగ్గుతూ కండ పెరగడం జరగని పని

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం చూడండి. అధిక బరువున్న యువకులకు నాలుగు వారాలపాటు కేలరీలు 40 శాతం తగ్గించి, గట్టిగా వ్యాయామం చేయించారు. కిలోకి 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవాళ్లకు సగటున 4.8 కిలోల కొవ్వు తగ్గింది, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవాళ్లకు 3.5 కిలోల కొవ్వు తగ్గింది, కండ దాదాపు ఉన్నచోటే నిలిచింది.

ఇది చూసి మీరూ కేలరీలు 40 శాతం కోసేయకండి. వాళ్లది పరిశోధకుల పర్యవేక్షణలో నాలుగు వారాల పని. మామూలుగా వారానికి బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి, కొవ్వు ఎక్కువున్నవాళ్లకి ఈ రెండూ కలిసి జరుగుతాయి. ఏళ్ల తరబడి బరువులెత్తి ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లకు ఉన్న కండ నిలబడటమే పెద్ద లాభం. అది నిలబడుతోందా లేదా అన్నది వెయింగ్ మెషిన్ చెప్పదు, మీరు ఎత్తే బరువులు చెప్తాయి. స్క్వాట్‌లో ఎత్తే బరువు వారాల తరబడి పడిపోతుంటే కోత ఎక్కువైందని అర్థం. బరువులే ఎత్తకుండా ప్రొటీన్ మాత్రం పెంచితే కండ పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి.

అపోహ: మాంసం తినకపోతే కండ పట్టదు

2021లో బ్రెజిల్ పరిశోధకులు పాలు, గుడ్లు కూడా ముట్టని పూర్తి శాకాహార యువకులనీ, అన్నీ తినే యువకులనీ 12 వారాలు పోల్చారు. ఇద్దరికీ కిలోకి 1.6 గ్రాములు అందేలా చూశారు, శాకాహారులకు సోయా పౌడర్, మిగతావాళ్లకు పాల నుంచి తీసే వే పౌడర్ ఇచ్చి. కండలో, బలంలో తేడా రాలేదు. కష్టమల్లా ఆ అంకెను చేరుకోవడంలోనే ఉంది, ఎందుకంటే పప్పులతో పాటు పిండిపదార్థం కూడా వస్తుంది. సోయా, టోఫు, కొవ్వు తీసిన పాలూ పెరుగూ ఉంటే తేలికవుతుంది. ప్రొటీన్ తయారయ్యే ముక్కలే అమైనో ఆమ్లాలు; పప్పులో తగ్గిన అమైనో ఆమ్లం ధాన్యంలో దొరుకుతుంది, ధాన్యంలో తగ్గింది పప్పులో దొరుకుతుంది. రెండూ ఒకే పూట తినక్కర్లేదు, అదే రోజు తింటే చాలు.

అపోహ: వ్యాయామం అయిన అరగంటలో ప్రొటీన్ షేక్ తాగాలి, పూటకి 30 గ్రాములకు మించితే వృథా

రెండూ కాదు. రోజు మొత్తం సరిపోతే టైమింగ్ తేడా చాలా చిన్నది. నెదర్లాండ్స్‌లో 2023లో వచ్చిన ప్రయోగంలో ఒకేసారి 100 గ్రాములు తాగినా శరీరం గంటల తరబడి దాన్ని వాడుకుంది. మూడు నాలుగు పూటలకి పంచుకోమని నేను చెప్పేది ఆకలి అదుపులో ఉంటుందని. షేకర్ ఇంట్లో మర్చిపోయారని టెన్షన్ పడకండి.

అపోహ: ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయి

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు పైన చెప్పిన మోతాదుతో హాని జరుగుతుందని అధ్యయనాల్లో తేలలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ప్రొటీన్ ఎంత అన్నది డాక్టరే చెప్పాలి, ట్రైనర్ కాదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి. ఇంకో సంగతి, కండ ఎక్కువున్నవాళ్లకి, ముందురోజు గట్టిగా బరువులెత్తినవాళ్లకి, క్రియాటిన్ అనే జిమ్ సప్లిమెంట్ వాడేవాళ్లకి, కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించవచ్చు. రిపోర్ట్ చూసి హడలిపోయే ముందు ఇవన్నీ డాక్టర్‌కి చెప్పండి, అవసరమైతే కిడ్నీలను మరో విధంగా చూసే సిస్టాటిన్-సి రక్తపరీక్ష కూడా రాస్తారు.