గోతం మీద సుంకం: ఐదేళ్లన్నది పదేళ్లయింది

సీజన్‌లో పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డుకి వెళ్తే ముందు దగ్గు వస్తుంది, ఆ తర్వాతే సరుకు కనపడుతుంది. తేజ రకం రేటు గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు అది కట్టిన గోతం గురించి ఒక్క ముక్క అనరు. ఆమధ్య పాత సంచులు అమ్మే కొట్లో ఒక గోతం తిరగేసి చూస్తే, సగం చెరిగిపోయిన నల్ల అక్షరాల్లో 'మేడ్ ఇన్ బంగ్లాదేశ్' అని ఉంది.

"బాబాయ్, ఇది మన సంచి కాదే" అన్నాను.

"ఏ దేశందైతే ఏంలే అబ్బాయ్, కుట్టు గట్టిగా ఉందా లేదా చూసుకో" అన్నాడాయన.

ఆ సంచి రాకుండా చూడాలనే 2017 జనవరి 5న కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అవతలివాళ్లు తమ దగ్గరి ధర కన్నా తక్కువకి ఇక్కడ గుమ్మరించే సరుకు మీద వేసే సుంకం ఇది. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జనపనార నూలు, హెస్సియన్ అనే పలచటి గోనె గుడ్డ, గోనె సంచులు దాని కిందికి వస్తాయి. గడువు ఐదేళ్లు. ఆ గడువు దాటాక, 2022 డిసెంబరు 30న మరో ఐదేళ్లు పొడిగించారు.

ఈ తగువు మూలం దేశ విభజనలో ఉంది. 1855లో రిష్రాలో మొదటి మిల్లు పెట్టిన దగ్గర్నుంచి జూట్ మిల్లులన్నీ హుగ్లీ ఒడ్డునే పెరిగాయి. నార మాత్రం ఎక్కువగా తూర్పు బెంగాల్ పొలాల్లో పండేది. 1947లో గీత గీసేసరికి మిల్లులు ఇటు, పొలాలు అటు అయ్యాయి. ఇటువాళ్లు జనపనార సాగు పెంచుకున్నారు, అటువాళ్లు మిల్లులు కట్టుకున్నారు. నారాయణ్‌గంజ్‌లో 1951లో మొదలైన ఆదంజీ మిల్లు అలా పుట్టిందే. అది 2002లో మూతపడినా, తర్వాత అక్కడి ప్రైవేటు మిల్లులు బాగా పుంజుకున్నాయి. వాళ్ల నార మేలురకం. పైగా జూట్ సరుకు ఎగుమతి చేస్తే అక్కడి ప్రభుత్వం నగదు ప్రోత్సాహకం కూడా ఇస్తుంది.

మన వైపు తలుపు తెరిచింది మనమే. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద 2011 నవంబరులో, వెనకబడిన దేశాల సరుకుల్లో మద్యం, పొగాకు లాంటి 25 రకాలు తప్ప మిగతా అన్నిటి మీదా కస్టమ్స్ సుంకం తీసేశారు. బంగ్లాదేశ్ గోనె సంచి అలా సున్నా సుంకంతో లోపలికి వచ్చింది. ఒప్పందం మీద సంతకం పెట్టాక మామూలు సుంకం మళ్లీ వేయలేరు. మిగిలిన కొద్ది దారుల్లో యాంటీ డంపింగ్ ఒకటి. అసలు దీన్ని సుంకం అనడం కంటే, తెరిచిన తలుపుకి తర్వాత వేసుకున్న గొళ్లెం అనుకోవడం నయం.

యాంటీ డంపింగ్ కొత్త ఆలోచనేం కాదు. 1904లోనే కెనడా ఇలాంటి చట్టం చేసింది. మన దగ్గర 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలో 9ఏ సెక్షన్ దీనికి ఆధారం, ఇప్పటి నిబంధనలు 1995వి. వాణిజ్య శాఖ కింద పనిచేసే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్ (డీజీటీఆర్) మూడు సంగతులు తేల్చాలి. అవతలివాళ్లు తమ దగ్గర అమ్మే ధర కన్నా తక్కువకి మనకి పంపుతున్నారా? ఇక్కడి పరిశ్రమకి దెబ్బ తగిలిందా? ఆ దెబ్బ దీనివల్లేనా? మూడూ రుజువైతే సిఫారసు వెళ్తుంది. వేసేది, వేయకుండా వదిలేసేది ఆర్థిక శాఖ.

ఐదేళ్లు నిండాక అడిగే ప్రశ్న మారిపోతుంది. అప్పుడు 'ఇంకా డంపింగ్ జరుగుతోందా' అన్నదొక్కటే చూడరు, 'సుంకం తీసేస్తే మళ్లీ జరిగే అవకాశం ఉందా' అని కూడా చూస్తారు. పక్క దేశంలో ఎగుమతుల మీద బతికే మిల్లులు అన్ని ఉన్నప్పుడు ఈ ప్రశ్నకి 'లేదు' అని చెప్పడం ఎవరికైనా కష్టమే. సుంకాలు ఒకసారి వచ్చాయంటే కదలకపోవడానికి సగం కారణం ఈ ప్రశ్నలోనే ఉందని నా అనుమానం.

అంకెలు చూద్దాం. 2017లో మిల్లుని బట్టి, సరుకుని బట్టి టన్నుకి 6.30 డాలర్ల నుంచి 351.72 డాలర్ల దాకా వేశారు. సంచుల మీద సుంకం పడగానే కొందరు సంచి మానేసి సంచి గుడ్డ తానులు పంపడం మొదలుపెట్టారు. సరిహద్దు దాటాక ఇక్కడే కత్తిరించి కుట్టుకుంటే సరి! అది కనిపెట్టి 2019లో ఆ గుడ్డ మీద కూడా టన్నుకి 125.21 డాలర్లు వేశారు. దీన్ని ఒక గోతానికి లెక్కేస్తే ఎంతవుతుంది? యాభై కిలోల ధాన్యం పట్టే సంచి 580 గ్రాములు తూగుతుంది, అంటే టన్నుకి సుమారు 1,720 సంచులు. అప్పటి డాలరు రేటుతో సంచికి దాదాపు ఐదు రూపాయలు. నలభై కిలోలకు పైగా మిర్చి పట్టే టిక్కీలో సరుకు విలువ వేలల్లో ఉంటుంది. అందులో ఐదు రూపాయలు రైతు కంటికి ఆనవు. మిల్లుకి మాత్రం సంచి మీద ఐదు రూపాయలంటే చిన్న సంగతి కాదు.

మన మిల్లులకి ఇంకో పెద్ద అండ ఉంది. 1987 నాటి జూట్ ప్యాకేజింగ్ చట్టం ప్రకారం ఆహార ధాన్యాలు గోనె సంచుల్లోనే నింపాలి. ఆ సంచి ఇక్కడి నారతో ఇక్కడే తయారవ్వాలి. కాబట్టి ప్రభుత్వ ధాన్యం కొనుగోళ్లలో బంగ్లా సంచికి చోటు లేదు. పోటీ అంతా మిర్చి, పసుపు, అపరాల లాంటి బయటి మార్కెట్లోనే. అక్కడ కూడా గోతానికి అసలు శత్రువు ప్లాస్టిక్ సంచి. దాని మీద ఈ సుంకం చేసేదేమీ లేదు.

మన రాష్ట్రానికీ ఇందులో వాటా ఉంది. ఉత్తరాంధ్రలో గోగునార పండేది. నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు, గుంటూరుల్లో జూట్ మిల్లులు నడిచేవి. పొడిగింపు కోరినవాళ్లలో కలకత్తా మిల్లుల సంఘంతో పాటు ఆంధ్రప్రదేశ్ మెస్తా (గోగునార) ట్వైన్ మిల్లుల సంఘం కూడా ఉంది. కానీ చిట్టివలస మిల్లు 2009లోనే ఆగిపోయింది. గుంటూరు మిల్లు 2015లో మూతపడింది. సుంకం వచ్చింది 2017లో. గుంటూరు కార్మికుడికి అది పెళ్లయిన మర్నాడు అందిన శుభలేఖ. మిల్లుని మూయించింది ఒక్క బంగ్లాదేశ్ సరుకే అని నేను అనను, అలా అనేవాళ్లని నమ్మను కూడా.

అన్ని సుంకాలూ ఇలా నిలబడవు. పాలిస్టర్‌కి ముడిసరుకైన పీటీఏ మీద ఉన్నదాన్ని 2020 బడ్జెట్‌లో ఎత్తేశారు. 2010 నుంచి ఉన్న విస్కోస్ ఫైబర్ సుంకం 2021 ఆగస్టులో పోయింది. వాటిని కొనేది పాలిస్టర్ కంపెనీలు, నూలు మిల్లులు. వాళ్లకి సంఘాలున్నాయి, ఢిల్లీలో తలుపు తట్టే మనుషులున్నారు. గోతం కొనేది యార్డు దగ్గర వ్యాపారి, కమీషన్ ఏజెంటు, రైతు. ఐదు రూపాయల కోసం వాళ్లలో ఎవరూ ఢిల్లీ రైలు ఎక్కరు. సుంకం ఉండాలనే వైపేమో మన దేశంలో జూట్ మీద ఆధారపడ్డ రైతు కుటుంబాలే ప్రభుత్వ లెక్కల్లో నలభై లక్షలు.

2025 నాటికి వ్యవహారం లెక్కల పుస్తకం దాటి రాజకీయంలోకి వెళ్లింది. జూన్‌లో కొన్ని రకాల జూట్ సరుకు, ఆగస్టులో సంచులు, తాళ్లు బంగ్లాదేశ్ నుంచి రోడ్డు మార్గాన రాకుండా ఆపేశారు. రావాలంటే ఓడ మీద ముంబై పక్కనున్న నవా షేవా రేవుకే రావాలి. బెనాపోల్ దగ్గర లారీలో సరిహద్దు దాటే సరుకు ఇప్పుడు దేశాన్ని చుట్టి రావాలన్నమాట. ఆ చుట్టు ఖర్చు ముందు టన్నుకి ఇన్ని డాలర్లన్న సుంకం ఏపాటి?

పొడిగించిన గడువు 2027 డిసెంబరుతో ముగుస్తుంది. దానికి ముందే మిల్లుల సంఘాలు మళ్లీ అర్జీ పెట్టుకోవాలి, డీజీటీఆర్ మళ్లీ అదే ప్రశ్న వేసుకోవాలి. ఆ పాత సంచుల కొట్లో బాబాయ్‌కి ఇదంతా చెప్తే, నా చేతిలోని బంగ్లా గోతం తీసుకుని ఒకసారి దులిపి, ఇరవై సంచుల కట్టలో పెట్టేసి తాడు బిగించాడు.