‘ఎవరి దగ్గర లేదు?’ అని ముందు అడగండి

చిరంజీవులైన పిల్లలకు, పెదనాన్న ఆశీస్సులు.

మీలో ఒకరు సీబీఎస్‌ఈలో పదకొండో తరగతి, ఒకరు బీటెక్ మొదటి ఏడాది, మిగతావాళ్లు సెలవుల్లో సరదాకి. మొత్తానికి అందరూ పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాస్తున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. మీరు వాట్సాప్‌లో పంపే ఫోటోల్లో మాత్రం ఒకే ఎర్రర్ మళ్లీ మళ్లీ కనబడుతోంది: అట్రిబ్యూట్ ఎర్రర్. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే తీరిగ్గా ఒకసారి రాస్తే మీ దగ్గర ఉంటుందని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కోడ్ మాటల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టండి. (పైథాన్ 3లో మీరు పెట్టుకునే వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగు లిపిలో ఉండొచ్చు. ‘మొత్తం = 0’ అని రాసి చూడండి, పనిచేస్తుంది.)

పైథాన్‌లో అన్నీ ఆబ్జెక్టులే. అంకె, స్ట్రింగ్, లిస్ట్, మీరు రాసిన ఫంక్షన్, ఇంపోర్ట్ చేసుకున్న మాడ్యూల్ (అంటే వేరే ఫైల్‌లో ఉన్న కోడ్), అన్నీ. ఆబ్జెక్ట్ పేరు రాసి, చుక్క పెట్టి, ఆ తర్వాత రాసే పేరే అట్రిబ్యూట్. ఆ పేరు కోసం పైథాన్ సాధారణంగా ముందు ఆ ఆబ్జెక్ట్‌లోనే వెతుకుతుంది. అక్కడ లేకపోతే దాని క్లాస్‌లో (అంటే ఆ ఆబ్జెక్ట్‌ని తయారుచేసిన అచ్చులో), అక్కడా లేకపోతే ఆ క్లాస్‌కి తల్లిగా ఉన్న పై క్లాసుల్లో చూస్తుంది. ఎక్కడా దొరక్కపోతే ఆగిపోయి మీకు చెబుతుంది.

చెప్పేటప్పుడు రెండు పేర్లు చెబుతుంది. మీరు పంపిన ఒక ఫోటోలో ఇలా ఉంది: ‘నన్‌టైప్’ ఆబ్జెక్ట్ హ్యాజ్ నో అట్రిబ్యూట్ ‘అపెండ్’. అంటే నన్‌టైప్ రకం ఆబ్జెక్ట్‌కి అపెండ్ అనే అట్రిబ్యూట్ లేదని. మీ అందరి కళ్లూ వెంటనే రెండో పేరు మీదికి పోతున్నాయి. “అపెండ్ లేదంటాడేంటి, నిన్న కూడా వాడానుగా!” అని టెన్షన్ పడుతున్నారు. కానీ అసలు సమాచారం మొదటి పేరులో ఉంది. తలుపు తట్టి “రాము ఉన్నాడా?” అంటే “ఇక్కడ రాము ఎవరూ లేరు” అన్నారనుకోండి. రాము ఏమయ్యాడని కంగారుపడే ముందు, మనం వచ్చింది రాము ఇంటికేనా అని చూసుకుంటాం కదా. ఇక్కడా అంతే. అపెండ్ (చివర ఇంకొకటి చేర్చేది) ఉండేది లిస్ట్‌కి. మీరు లిస్ట్ అనుకుంటున్నది ఇప్పుడు లిస్ట్ కాదు, నన్, అంటే ‘ఏమీ లేదు’ అని చెప్పే విలువ. కాబట్టి అడగాల్సిన ప్రశ్న “అపెండ్ ఎందుకు లేదు?” అన్నది కాదు. “నా లిస్ట్ నన్ ఎప్పుడయింది?” అన్నది.

ఎప్పుడయిందో ఆ కోడ్‌లోనే ఉంది. మార్క్స్ అనే లిస్ట్‌లో 72, 85, 64 పెట్టారు. తర్వాతి లైన్‌లో ‘మార్క్స్ = మార్క్స్.సార్ట్()’ అన్నారు. ఆ తర్వాత ‘మార్క్స్.అపెండ్(90)’. ఎర్రర్ వచ్చింది మూడో లైన్‌లో, తప్పు జరిగింది రెండో లైన్‌లో. సార్ట్ ఉన్న లిస్ట్‌నే వరుసలో పెడుతుంది, కొత్త లిస్ట్ ఇవ్వదు. తిరిగి ఇచ్చేది నన్. పైథాన్ చేసినవాళ్లు కావాలనే అలా పెట్టారు. పాత లిస్టే మారిపోయిందన్న సంగతి మీకు గుర్తుండాలని, కొత్త కాపీ వచ్చిందని మీరు పొరబడకూడదని. మీరేమో ఆ నన్‌ని తీసుకుని మార్క్స్ అనే పేరుకే అంటించారు. దాంతో వరుసలో పెట్టిన లిస్ట్ కాస్తా చేజారింది. ‘మార్క్స్.సార్ట్()’ అని ఊరికే రాయండి, లేదా కొత్త లిస్టే కావాలంటే సార్టెడ్ అనే ఫంక్షన్ వాడండి. అపెండ్, రివర్స్, ర్యాండమ్ మాడ్యూల్‌లోని షఫుల్, ఇవన్నీ సార్ట్ లాంటివే. స్ట్రింగులది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అవి మారవు కాబట్టి, అప్పర్, రీప్లేస్ లాంటివి కొత్త స్ట్రింగ్‌నే తిరిగి ఇస్తాయి.

నన్ వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. ఫంక్షన్ చివర రిటర్న్ రాయడం మరిచిపోతే వచ్చేది నన్నే. ఇఫ్‌లో రిటర్న్ ఉండి ఎల్స్‌లో లేకపోతే మరీ ఇబ్బంది, ఎందుకంటే ఒక్కోసారి బాగానే నడుస్తుంది, ఒక్కోసారి పడిపోతుంది. ఇంకో రకం ఉంది, అందులో మీ తప్పు ఏమీ ఉండదు. టెక్స్ట్‌లో నమూనాలు వెతికే ఆర్‌ఈ మాడ్యూల్‌లోని మ్యాచ్, వెబ్ పేజీల్లోంచి సమాచారం తీసే బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీలోని ఫైండ్ లాంటివి వెతికింది దొరక్కపోతే నన్ ఇస్తాయి. అది “దొరకలేదు” అనే జవాబు. ఆ జవాబు వినకుండా మీరు దాని పక్కన చుక్క పెట్టి గ్రూప్ అనో టెక్స్ట్ అనో అడిగితే ఎర్రర్ రాక ఏమవుతుంది? దొరకనప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకుని, ‘ఇఫ్ రిజల్ట్ ఈజ్ నన్’ అని రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మీ సొంత క్లాసుల సంగతి. ఇక్కడ మొదటి పేరు సరైనదే ఉంటుంది. ‘స్టూడెంట్’ ఆబ్జెక్ట్‌కి ‘టోటల్’ లేదంటుంది, ఆబ్జెక్ట్ నిజంగానే స్టూడెంటే. అంటే టోటల్‌ని ఎవరూ పెట్టలేదు, లేదా వేరే పేరుతో పెట్టారు. ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. లేని పేరును చదవబోతే పైథాన్ గోల చేస్తుంది, లేని పేరులో విలువ పెట్టబోతే మామూలుగా ఏమీ అనదు. ‘సెల్ఫ్.టోటల్’ (సెల్ఫ్ అంటే ఆ ఆబ్జెక్టే) బదులు ఒక అక్షరం తప్పు కొట్టి విలువ పెడితే, ఆ తప్పు పేరుతోనే కొత్త అట్రిబ్యూట్ తయారుచేసి ఊరుకుంటుంది. ఎక్కడో యాభై లైన్ల కింద, సరైన స్పెల్లింగ్‌తో చదివినప్పుడు ఎర్రర్ వస్తుంది. మీరు అక్కడే కూర్చుని, తప్పేమీ లేని ఆ లైన్‌ని పదిసార్లు చూస్తూ ఉంటారు.

సెల్ఫ్ అని రాయకుండా ఉత్త ‘టోటల్ = 0’ అన్నా ఇంతే. అది ఆ ఫంక్షన్ లోపలి వేరియబుల్ అవుతుంది, ఫంక్షన్ అయిపోగానే పోతుంది. ఆబ్జెక్ట్ తయారవగానే పైథాన్ తనే పిలిచే ఫంక్షన్ ఇనిట్. దాని పేరుకి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్‌లు ఉండాలి. ఒక్కొక్కటే పెడితే పైథాన్ దాన్ని మామూలు ఫంక్షన్ అనుకుంటుంది, పిలవదు. ఆబ్జెక్ట్ చేసేటప్పుడు మీరు విలువలు ఇస్తుంటే టైప్ ఎర్రర్ వచ్చి అక్కడే పట్టుబడతారు. విలువలేమీ ఇవ్వకపోతే అప్పటికి బాగానే ఉండి, తర్వాత అట్రిబ్యూట్ ఎర్రర్‌గా తేలుతుంది. ఇంకొకటి, టోటల్‌ని లెక్కకట్టే ఫంక్షన్‌లో మాత్రమే పెట్టి, ఆ ఫంక్షన్‌ని పిలవకముందే టోటల్ అడగడం. అందుకే నా మాట వినండి, క్లాస్‌కి కావలసిన అట్రిబ్యూట్లన్నీ ఇనిట్‌లోనే పెట్టేయండి, సున్నాతోనో ఖాళీ లిస్ట్‌తోనో అయినా సరే.

2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి, స్పెల్లింగ్ దగ్గరగా ఉన్న పేరు ఉంటే “ఇదా మీరు అడిగేది?” అని అదే సూచిస్తుంది. మంచి సాయమే. కానీ అది చూసేది అక్షరాల పోలికే, మీ ఉద్దేశం దానికి తెలియదు. చెప్పింది కదా అని గుడ్డిగా మార్చేయకండి.

చిన్నవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. టర్టిల్ అనే మాడ్యూల్‌తో బొమ్మలు గీస్తూ ఫైల్‌కి కూడా ‘టర్టిల్.పీవై’ అని పేరు పెడుతున్నారు. ఇంపోర్ట్ టర్టిల్ అనగానే పైథాన్ ముందు మీ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అక్కడ మీ ఫైలే దొరుకుతుంది. దాంట్లో టర్టిల్ క్లాస్ లేదు కాబట్టి మాడ్యూల్‌కి ఆ అట్రిబ్యూట్ లేదంటుంది. సర్క్యులర్ ఇంపోర్ట్ అని కూడా ఏదో అంటుంది, చూసి భయపడకండి. ఫైల్ పేరు మార్చండి, చాలు. ర్యాండమ్, మ్యాథ్, సీఎస్‌వీ పేర్లతో కూడా ఫైళ్లు పెట్టొద్దు. పైథాన్ 3.13 అయితే పేరు మార్చుకోమని తనే చెబుతుంది. అనుమానం వస్తే ఆ మాడ్యూల్ పక్కన చుక్క పెట్టి, ‘ఫైల్’ అనే మాటకు అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్‌లతో ప్రింట్ చేయండి, ఏ ఫోల్డర్‌లోంచి వచ్చిందో చూపిస్తుంది.

పెద్దవాళ్లకు ఇంకో సమస్య, పాత పాఠాలు. యూట్యూబ్‌లో ఎప్పటిదో వీడియో చూసి అక్షరం పొల్లుపోకుండా కొట్టినా ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఆ పేరును ఈలోగా తీసేశారు. డిక్షనరీలో ఒక కీ ఉందో లేదో చెప్పే హ్యాజ్‌కీ 2008లో పైథాన్ 3తోనే పోయింది, ఇప్పుడు ‘ఇన్’ వాడాలి. లెక్కల లైబ్రరీ నంపైలో ‘ఎన్‌పీ.ఫ్లోట్’ 2022 డిసెంబర్‌లో వచ్చిన 1.24లో పోయింది, ఉత్త ఫ్లోట్ అంటే సరిపోతుంది. పట్టికల లైబ్రరీ పాండాస్‌లో డేటాఫ్రేమ్‌కి (అంటే పట్టికకి) ఉన్న అపెండ్ 2023లో వచ్చిన 2.0లో పోయింది, దాని బదులు కాన్‌క్యాట్ ఉంది. వీడియో తేదీ, మీ దగ్గరున్న లైబ్రరీ వెర్షన్, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పాండాస్‌లోనే మరొకటి: ఎక్సెల్‌లోంచి వచ్చిన కాలమ్ పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి ఉంటే, చుక్క పెట్టి పిలిచినప్పుడు ఆ కాలమ్ లేదంటుంది. కాలమ్ పేర్లన్నీ లిస్ట్‌గా ప్రింట్ చేస్తే ఆ ఖాళీ బయటపడుతుంది.

వెతకడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఎర్రర్ వచ్చిన లైన్‌కి సరిగ్గా ముందు, చుక్కకి ఎడమవైపు ఉన్నదాని టైప్‌ని ప్రింట్ చేయండి. అది మీరు అనుకున్న టైప్ కాకపోతే వెనక్కి వెళ్లండి, ఆ పేరుకి చివరిసారి విలువ ఎక్కడ పెట్టారో చూడండి. అనుకున్న టైపే అయితే డిర్ ఫంక్షన్‌తో దానికి ఏమేం పేర్లున్నాయో చూసి, స్పెల్లింగ్, వెర్షన్ సరిచూసుకోండి.

ట్రై, ఎక్సెప్ట్ (ఎర్రర్ వస్తే ఏం చేయాలో చెప్పే మాటలు) రాసి లోపల పాస్ (‘ఏమీ చేయకు’ అని) పెట్టి ఎర్రర్‌ని మాయం చేయొద్దు. ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నాను. ఎర్రర్ పోతుంది, నన్ పోదు. అది ఇంకాస్త దూరం ప్రయాణం చేసి, మార్కుల లిస్ట్‌లోనో ఫైల్‌లోనో తప్పుడు విలువగా కూర్చుంటుంది. అప్పుడు పట్టుకోవడం చాలా కష్టం.

ఇంత చేసినా తెగకపోతే నాకు పంపండి, రాత్రి తొమ్మిది దాటాక ఖాళీగానే ఉంటాను. ఫోటో వద్దు. ట్రేస్‌బ్యాక్‌ని (ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపించే మొత్తం సందేశాన్ని) మొదటి లైన్ నుంచి చివరి దాకా కాపీ చేసి పెట్టండి, టైప్ ప్రింట్ చేస్తే ఏం వచ్చిందో, పైథాన్ వెర్షన్ ఎంతో రాయండి.

ఉంటాను,
మీ పెదనాన్న