ఒకచోట ఆగి మరోచోట సాగే మాట: నత్తి పరిశోధన నేపథ్యం

ఒంగోలు, కావలి ప్రాంతాల ఇళ్లలో మాట తడబడే పిల్లవాడికి వసకొమ్మును సానమీద అరగదీసి నాలుకకు రాయడం పాత అలవాటు. లోపం నాలుకలోనే ఉందన్న ఆ నమ్మకం మన పల్లెలకే పరిమితం కాదు. బెర్లిన్ శస్త్రవైద్యుడు డీఫెన్‌బాఖ్ 1841లో, ఈథర్ మత్తు ఇంకా వాడుకలోకి రాకముందే, నత్తి మాన్పడానికి రోగుల నాలుక మొదట్లో కోత పెట్టాడు.

తప్పు నాలుకదే అయితే, సారు ప్రశ్న అడగగానే పెదవులు బిగుసుకుపోయే పిల్లవాడు తరగతి మొత్తంతో కలిసి పద్యం వల్లించేటప్పుడు ఎక్కడా ఆగకపోవడం ఎలా సాధ్యం? పాటలోనూ, ఒంటరిగా ఉన్నప్పుడూ అంతే. ‘ఇంట్లో బాగానే వాగుతాడు, బడిలోనే వేషాలు’ అనే పెద్దలు మనకు కొత్త కాదు. పండితులు కూడా ఈ హెచ్చుతగ్గుల్ని చూసే చాలాకాలం పొరబడ్డారనిపిస్తుంది. తనకూ నత్తి ఉన్న అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు వెండెల్ జాన్సన్, పసివయసులో సహజంగా వచ్చే తడబాటును పెద్దలు లోపంగా ఎంచడం వల్లే నత్తి పుడుతుందని వాదించాడు. ఆయన పర్యవేక్షణలో 1939లో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని 22 మంది అనాథ పిల్లలపై ప్రయోగం చేస్తూ, చక్కగా మాట్లాడే కొందరికి కూడా మీకు నత్తి మొదలవుతోందని చెప్పింది. విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ కోరింది. మరుసటి ఏడు ఆ వివరాల్ని తిరగేసిన నత్తి పరిశోధకులు ఆంబ్రోస్, యైరీలకు ఆ మాటల వల్ల ఎవరికైనా నత్తి పుట్టిందనడానికి ఆధారం దొరకలేదు. పిల్లల మనసు నలిగిన మాట మాత్రం నిజం.

తర్వాత చూపు వంశం వైపు మళ్లింది. దగ్గరి సంబంధాలు చేసుకునే పాకిస్తానీ కుటుంబాలతో మొదలుపెట్టిన అమెరికా జన్యుశాస్త్రవేత్త డెన్నిస్ డ్రేనా బృందం, కణాల్లో వ్యర్థాలను విడగొట్టే ఏర్పాటుతో ముడిపడిన మూడు జన్యువుల్లో మార్పుల్ని 2010లో గుర్తించింది. మేనరికాలు మామూలైన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది వినగానే నెపం సంబంధం మీదికి నెట్టాలనిపించవచ్చు; కానీ ఆ మార్పులు నత్తి ఉన్నవారిలో కొద్దిమందిలోనే కనిపిస్తాయి, పైగా 2025లో వెలువడిన పెద్ద అధ్యయనం నత్తితో సంబంధమున్న 57 జన్యుస్థానాల్ని చూపింది.

రోజుకోలా, మనిషిని బట్టి మారడం నత్తి స్వభావమేనన్న గ్రహింపు ఇప్పుడు బలపడింది. చాలామంది పిల్లల్లో అది రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలై, ఎక్కువమందిలో దానంతటదే తగ్గుతుంది కనుక ఎవరిలో నిలిచిపోతుందో తేల్చడమే కష్టం. అందుకే చికిత్సకుల గదిలో అరగంట విని తీవ్రతను నిర్ణయించడం చాలదు. ఇంట్లో అవ్వతో, బడిలో సారుతో, అంగట్లో అపరిచితులతో ఆ పిల్లవాడు ఎలా మాట్లాడుతున్నాడో కూడా తెలియాలి.