తీసేసిన కాలు ఎందుకు నొప్పి పెడుతుంది?

రాత్రి రెండున్నరకి పెదనాయన పిలిచాడు. "ఒరే అబ్బయా, ఆ బొటనవేలు కాస్త లాగరా, మెలి తిరిగిపోతోంది." నిద్రమత్తులో మంచం చివరికి చెయ్యి చాపాను. దుప్పటి చదునుగా తగిలింది. మోకాలి కింద నుంచి ఆయన కుడికాలు తీసేసి అప్పటికి పంతొమ్మిది రోజులు.

షుగర్ వల్ల పుండు మానక, వేళ్లు నల్లబడితే నాయుడుపేట నుంచి చెన్నై తెచ్చి ఆపరేషన్ చేయించాం. కొరుక్కుపేటలో మా ఇంట్లోనే ఉన్నాడు. డిశ్చార్జి కాగితంలో డ్రెస్సింగ్ గురించి ఉంది, ఇన్సులిన్ గురించి ఉంది, ఈ నొప్పి గురించి ఒక్క ముక్క లేదు. వెళ్లి చెబితే నిద్రమాత్ర రాసిచ్చారు. పెద్దమ్మ మాత్రం కారణం తేల్చేసింది: "ఆ కాలు పూడ్చేటప్పుడు వేళ్లు మడిచి పెట్టుంటారు."

నవ్వుకోవాల్సిన పని లేదు. ఈ నొప్పికి పెద్ద పెద్ద చదువులవాళ్లు చెప్పిన కారణాల్లో కొన్ని ఇంతకంటే మెరుగైనవేం కావు.

కాళ్లూ చేతులూ కోసేశాక మనిషి బతికి బట్టకట్టడం మొదలైతేనే కదా, పోయిన కాలు నొప్పి అని చెప్పేవాళ్లు ఉండేది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన ఆంబ్రోస్ పారే, కోసిన చోట ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం మాని రక్తనాళాలను దారంతో కట్టాడు. బతికిన సైనికులు లేని అవయవం నొప్పి పెడుతోందని మొరపెట్టుకుంటున్నారని రాసిపెట్టిన తొలి వైద్యుల్లో ఆయన ఒకడు. 1797లో కుడిచెయ్యి పోగొట్టుకున్న ఇంగ్లండ్ నౌకాదళ సేనాని నెల్సన్, లేని చెయ్యి ఉన్నట్టు తెలుస్తోంది కాబట్టి ఆత్మ ఉన్నట్టే అని వాదించాడని చెబుతారు.

దీనికి పేరు పెట్టింది అమెరికా వైద్యుడు సైలాస్ వెయిర్ మిచెల్. అక్కడి అంతర్యుద్ధంలో అవయవాలు పోయినవాళ్లు వేలల్లో ఉంటే, ఫిలడెల్ఫియాలో వాళ్లను దగ్గరుండి చూశాడు. చూసింది మొదట వైద్య పత్రికలో రాయలేదు. 1866లో పేరు వేసుకోకుండా కథగా అచ్చేయించాడు. అది నిజమనుకుని జనం అందులోని సైనికుడి కోసం చందాలు పోగుచేశారు! అయిదేళ్ల తర్వాత, 1871లో, సొంత పేరుతో రాస్తూ ఫాంటమ్ లింబ్ అన్నాడు. మన మాటల్లో దయ్యపు కాలు అనుకోవచ్చు. తోటి డాక్టర్లు ఏమనుకుంటారోనన్న జంకుతోనే ముందు కథ రాశాడని నా అనుమానం. డాక్టరుకే అంత జంకు ఉంటే, రోగి నోరు విప్పుతాడా? పిచ్చి అంటారేమోనని చాలామంది లోపలే దాచుకున్నారు.

ఆ తర్వాత వంద సంవత్సరాలు రెండు వాదాలు నడిచాయి. మొదటిది, తెగిన నరాల కొసలు ముడి కట్టి మెదడుకి తప్పుడు కబుర్లు పంపుతున్నాయని. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ కొసలు కోసేసినా, మిగిలిన మొండిని ఇంకాస్త పొట్టి చేసినా చాలామందికి నొప్పి తగ్గలేదు, తగ్గినా మళ్లీ వచ్చింది. రెండోది, కాలు పోయిందని మనసు ఒప్పుకోవట్లేదని. డాక్టర్లకి ఇది సుఖమైన వాదం, తప్పంతా రోగిది అయిపోతుంది.

దారి మళ్లింది మెదడు వైపు చూశాకే. 1937లో కెనడాలోని మాంట్రియల్‌లో మెదడు సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్, రోగి మెలకువగా ఉండగానే మెదడు మీద సన్నటి కరెంటు తాకిస్తూ, ఎక్కడ తాకిస్తే ఒంట్లో ఎక్కడ స్పర్శ తెలుస్తోందో పటం గీశాడు. ఆ పటంలో చేతి పక్కన ఉండేది భుజం కాదు, ముఖం. ఈ చిన్న వింత తర్వాత చాలా పనికొచ్చింది. 1991లో అమెరికా పరిశోధకుడు టిమ్ పాన్స్ బృందం, చేతి నుంచి వెళ్లే నరాలు ఏళ్ల కిందటే తెంచేసిన కోతులను పరీక్షించింది. ముఖాన్ని తాకితే మెదడులో చెయ్యి ఉండాల్సిన చోట స్పందన వచ్చింది.

ఇక్కడ కథ మన ఊరి వైపు తిరుగుతుంది. ఆ వార్త చదివి, మరి మనిషిలో ఎలా ఉంటుందని అడిగినవాడు మెదడు మీద పరిశోధనలు చేసే వి.ఎస్. రామచంద్రన్. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివాడు. మా కొరుక్కుపేట నుంచి ఆటోలో పది, పదిహేను నిమిషాలు. రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న మన నెల్లూరు జిల్లా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌కి మనవడు కూడా. కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసి, తర్వాత కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. ఒక చెయ్యి పోయిన కుర్రాడి కళ్లకు గంతలు కట్టి, దూది చుట్టిన పుల్లతో చెంప తాకించాడు. చెంప తాకినట్టూ తెలిసింది, లేని బొటనవేలు తాకినట్టూ తెలిసింది. 1992లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. కోట్ల రూపాయల యంత్రం కాదు, దూదిపుల్ల.

తర్వాతిది ఇంకా చవక. కొందరికి లేని చెయ్యి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలో దిగుతున్నట్టు ఉంటుంది. పిడికిలి విప్పమని మెదడు ఆజ్ఞ పంపుతుంది, విప్పినట్టు తిరుగు కబురు రాదు. ఆ కబురు కంటి దారిలో పంపితే? 1990ల మధ్యలో రామచంద్రన్ ఒక పెట్టెలో నిలువుగా అద్దం పెట్టి, ఉన్న చేతి ప్రతిబింబం లేని చేతి స్థానంలో కనిపించేలా చేశాడు. ఉన్న చెయ్యి విప్పితే, లేనిదీ విప్పుకుంది. ఒకతను ఆ పెట్టె ఇంటికి తీసుకెళ్లి కొన్ని వారాలు సాధన చేస్తే, మాయచెయ్యి కుదించుకుపోయి వేళ్లు మాత్రం భుజం దగ్గర మిగిలాయి. మోచెయ్యి మాయమైంది, దానితోపాటు దాని నొప్పీ పోయింది.

కాళ్ల సంగతికొస్తే 2007లో అమెరికా సైనికుల మీద జరిగిన ప్రయోగం చెప్పుకోవాలి. రోజుకి 15 నిమిషాలు, నాలుగు వారాలు. అద్దం చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. అద్దానికి గుడ్డ కప్పిన ఆరుగురిలో ఒక్కరికే తగ్గింది. అంకె చిన్నది, తర్వాతి ప్రయోగాల్లో ఫలితాలు అన్నిచోట్లా ఇంత బాగా లేవు.

పటం కథ కూడా అక్కడితో ఆగలేదు. చెయ్యి పోతే ఆ జాగాని ముఖం ఆక్రమిస్తుందనే మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిపోయింది. మెదడు పరిశోధకురాలు టామర్ మేకిన్ బృందం దాన్ని ఏళ్లుగా ప్రశ్నిస్తూ వచ్చింది. 2025లో, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా స్కాన్ చేసిన ముగ్గురి మెదళ్లలో చేతి పటం దాదాపు చెక్కుచెదరలేదని చూపించింది. ఆక్రమణ లేదు, ఇల్లు ఖాళీగా అలాగే ఉంది. నాకు ఈ మాటే నచ్చింది. పెదనాయన కాలు ఆయన తలలో భద్రంగా ఉంది. ఆపరేషన్‌కి ముందు నెలల తరబడి సలిపిన వేలే ఇప్పుడూ సలుపుతోంది, ఇది చాలామందిలో కనిపించేదే.

మాకు అద్దం సంగతి చెప్పింది కట్టు మార్చే చోట పనిచేసే ఫిజియోథెరపిస్టు అమ్మాయి. ఇంట్లో పొడుగు అద్దం ఉందా అని తమిళంలో అడిగింది. పాత బీరువా తలుపు అద్దం ఊడదీసి, రెండు కాళ్ల మధ్య నిలబెట్టాం. మొండి అద్దం వెనక దాగింది, ఎడమ పాదం అద్దంలో కుడి పాదమైంది. వేళ్లు చాపి చూడమంది. పెదనాయన చాపాడు. కాసేపు మాట్లాడలేదు. "గోళ్లు తీయాలి," అన్నాడు.

మూడో వారానికి రాత్రి పిలుపులు వారానికి ఒకటో రెండో అయ్యాయి. అద్దం మంచం పక్కనే ఆనించి ఉంది. పెద్దమ్మ మొహం కడుక్కుని దాని ముందే బొట్టు పెట్టుకుంటుంది, తీసేసిన స్టిక్కర్లు దాని మూలకే అంటిస్తుంది. కాలు పెట్టినప్పుడల్లా తన బొటనవేలికి ఎర్ర బొట్టు కనిపిస్తోందని పెదనాయన రోజూ గొడవ.