కోడ్ తెరిచారు, ఫోన్ తెరవలేదు

పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేసుకోవడం ఇప్పుడు అరగంట పని. ఫోన్‌లో అదే పని చేయబోతే, మన మోడల్‌కు ఎవరైనా ఓఎస్ తయారు చేశారా, ఆన్ చేయగానే ఓఎస్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్ తాళం తెరుచుకుంటుందా అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఈ ఇబ్బంది నిన్నమొన్నటిది కాదు.

2007లో ఓపెన్‌మోకో బృందం నియో 1973 అనే ఫోన్ తెచ్చింది. అందులో సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. కాల్స్ నడిపే మోడెమ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అప్పుడే మూసి ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ కూడా ఓపెన్ సోర్సే, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది. దాని కింద ఉన్నది లినక్స్ కెర్నెలే, అంటే ఓఎస్‌కు గుండెలాంటి భాగం. మరి చిక్కెక్కడ?

చిప్ దగ్గర. పీసీలో ఏ పరికరం ఎక్కడుందో చాలావరకు ఆ మెషీనే ఓఎస్‌కు చెబుతుంది. ఫోన్లు అలా చెప్పవు. స్క్రీన్, కెమెరా, బ్యాటరీ ఎలా కలిపారో వివరించే డివైస్ ట్రీని ఒక్కో మోడల్‌కూ విడిగా రాయాలి. పైగా కెమెరా, గ్రాఫిక్స్‌లను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో ముఖ్యమైన భాగాలను చిప్ కంపెనీలు సోర్స్ కోడ్ లేకుండానే ఇస్తాయి, అవీ ఒక పాత కెర్నెల్‌కు సరిపోయేలా. ఆండ్రాయిడ్ కోడ్‌తోనే వేరే ఓఎస్ చేస్తూ 2009లో మొదలైన సయనోజెన్‌మోడ్ వాలంటీర్లు, 2016 చివర్లో దాని స్థానంలో వచ్చిన లినేజ్‌ఓఎస్ వాలంటీర్లు ఫోన్‌తో వచ్చిన ఆ డ్రైవర్ ఫైళ్ళనే బయటికి తీసి కొత్త ఆండ్రాయిడ్‌కు అతికిస్తూ వచ్చారు. జీతం లేని చాకిరీ ఇది. కంపెనీ వదిలేసిన ఎన్నో ఫోన్లు వాళ్ళ వల్లే బతికాయి.

డబ్బున్న సంస్థలూ ప్రయత్నించాయి. 2014 ఆగస్టులో ఇంటెక్స్ 1,999 రూపాయలకే మొజిల్లా సంస్థ తయారు చేసిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్‌ను మన మార్కెట్లోకి తెచ్చింది. అందులో అధికారిక వాట్సాప్ లేదు. 2015 డిసెంబర్‌కల్లా మొజిల్లా ఫోన్ల దారి వదిలేసింది. ఆ కోడ్ నుంచి పుట్టిన కైఓఎస్ 2017లో జియోఫోన్‌లోకి చేరింది. అదే ఏడాది ఉబుంటు లినక్స్ తయారుచేసే కానానికల్ కంపెనీ తన ఉబుంటు ఫోన్‌ను వదిలేస్తే, యూబీపోర్ట్స్ వాలంటీర్లు దాన్ని ఎత్తుకున్నారు.

ఓఎస్ ఎక్కినా కష్టం తీరదు. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి 4జీ మీదే కాల్స్ నడిపే వోల్టీ పనిచేయకపోతే మామూలు కాల్సే ఉండవు. ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను మార్చారేమో చూసే గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పరీక్షలో ఫోన్ తప్పితే చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. డబ్బిచ్చి కొన్నది మనం, అనుమతి మాత్రం ఇంకొకరి చేతిలో. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇన్నాళ్ళూ ఈ వాలంటీర్లకు కాస్త ఆసరా గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లు, వాటి డివైస్ ట్రీలను గూగులే ఇచ్చేది కాబట్టి. 2025 జూన్‌లో ఆండ్రాయిడ్ 16 కోడ్ విడుదలైనప్పుడు అవి అందులో లేవు.