అమెరికా లాప్‌టాప్ బాగానే ఉంటుంది, పేలేది పక్కనున్న డబ్బా

అమెరికా నుంచి తెచ్చిన లాప్‌టాప్‌ను ఇక్కడి ప్లగ్గులో పెట్టాలంటే చాలామందికి భయం. దాంతోపాటే సూట్‌కేసులో వచ్చిన స్పైక్ బస్టర్‌ను, అంటే వోల్టేజీ ఎగిరినప్పుడు సామాన్లను కాపాడే ప్లగ్గుల డబ్బాను, మాత్రం నిశ్చింతగా గోడకు తగిలించేస్తారు. నిజానికి భయపడాల్సింది ఆ రెండోదానికే.

అక్కడి ఇళ్లలో సాకెట్‌కు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. చార్జర్ మీది సన్నటి అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అన్న వరుస వెతకండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ కన్వర్టరూ అక్కర్లేదు. లోపలి ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై సర్క్యూట్ ముందు ఏసీని డీసీగా మారుస్తుంది. దాన్ని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ లాప్‌టాప్‌కు కావలసిన 19, 20 వోల్టులకు దించుతుంది. ఎంతసేపు ఆన్‌లో ఉంచాలో అదే సర్దుకుంటుంది కాబట్టి 120 వచ్చినా 230 వచ్చినా దానికి ఒకటే. ఫోన్ చార్జర్లు, ఇప్పటి మానిటర్లు, ఇంక్‌జెట్ ప్రింటర్లు చాలావరకు ఇలాంటివే. అయినా లేబుల్ చూడకుండా నమ్మకండి.

వీటికి మార్చాల్సింది పిన్నులే. ట్రావెల్ అడాప్టర్ కన్నా, చార్జర్‌కు తగిలే పవర్ కార్డునే మార్చేయడం మేలు. హైదరాబాద్‌లో అయితే సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా వెళ్లనక్కర్లేదు, ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. చవక అడాప్టర్లలో ఎర్త్ పిన్ను పైకి కనిపించినా లోపల దేనికీ కలిసి ఉండకపోవచ్చు. అప్పుడు మెటల్ బాడీ లాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది. చార్జర్‌లో రేడియో రొదను అణచడానికి పెట్టిన కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు బాడీకి చేరడం వల్ల అలా అవుతుంది. మంచి చార్జర్ అయితే ప్రమాదం లేదు. అసలైన మూడు పిన్నుల కార్డు పెట్టి, గోడ సాకెట్‌లో ఎర్త్ సరిగా ఉంటే జివ్వుమనడం ఆగిపోతుంది.

ఇక స్పైక్ బస్టర్. అందులో ఎమ్‌ఓవీ అనే బిళ్ల ఉంటుంది. వోల్టేజీ హద్దు దాటగానే అది దారి తెరిచి, అదనపు కరెంటును తనలోంచి పోనిస్తుంది. అమెరికా డబ్బాల్లో ఆ బిళ్లలు సాధారణంగా 130, 150 వోల్టుల ఏసీని నిరంతరం తట్టుకోగల రకం. 120 వోల్టుల ఏసీ అల శిఖరం 170 వోల్టులైతే, 230ది 325. అంటే మన కరెంటులో ప్రతి అల కూడా దానికి పిడుగుపాటే. బిళ్ల సెకన్లలో వేడెక్కి, ఫ్యూజు పోతుంది, లేదా పొగ వస్తుంది, ఒక్కోసారి మంట. అమెరికా యూపీఎస్‌ను కూడా నేరుగా తగిలించకండి.

పాత డెస్క్‌టాప్ అయితే వెనక పవర్ సప్లై దగ్గర ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. అది 115 దగ్గర ఉంటే లోపల వోల్టేజీని రెట్టింపు చేసే సర్క్యూట్ పనిచేస్తుంటుంది. దానికి 230 ఇస్తే 200 వోల్టుల కెపాసిటర్ల జంట మీద 650 వోల్టులు పడి ఢామ్మంటాయి. ప్లగ్గు పెట్టకముందే స్విచ్‌ను 230కి జరపాలి. తిరగేసి చేసిన తప్పుకు అంత నష్టం లేదు, కంప్యూటర్ ఆన్ కాదంతే.

లేజర్ ప్రింటర్ తేవద్దనే నా సలహా. టోనర్‌ను కాగితానికి కరిగించి అతికించే హీటర్ 120కి చేసింది. వోల్టేజీ 1.9 రెట్లయితే వేడి 3.7 రెట్లవుతుంది. 230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడదామన్నా దానికి 1500 నుంచి 2000 వీఏ (వోల్ట్ ఆంపియర్లు)ది కావాలి. పాత రౌటర్లు, స్పీకర్లతో వచ్చే బరువైన నల్ల అడాప్టర్ల మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే వాటిని పక్కన పడేసి ఇక్కడిది కొనండి. అవుట్‌పుట్ డీసీ వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, పిన్ను సైజూ, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నదీ కలవాలి.

స్టెప్‌డౌన్ తప్పదనుకుంటే లేబుల్ మీది వోల్టులను ఆంపియర్లతో గుణించండి. 120 వోల్టులు, 5 ఆంపియర్లంటే 600 వీఏ. 1000 వీఏది తీసుకోండి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ కన్వర్టర్ వద్దు. అది అలను ముక్కలుగా కోసి ఇస్తుంది, కంప్యూటర్ సామానుకు అది పడదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుందే గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. 60 హెర్ట్జ్‌కే చేసిన అడాప్టర్ లోపలి ఇనుప కోర్‌లో అయస్కాంత క్షేత్రం 20 శాతం పెరిగి, 120 వోల్టుల మీద కూడా అది ఎక్కువ వేడెక్కుతుంది. ఇంటి వోల్టేజీ 250కి ఎగిరితే ఇటు బయటికి 130 వస్తుంది. అలా ఎగిరే ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు స్టెబిలైజర్ పెట్టాలి.